మూడుసార్లు మోగిన నేల

కిందటి నెల నా శీర్షికలో నేను మెచ్చుకున్న ఒక కొత్త రికార్డింగు గురించి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఉత్తరం అంటే ఫోనుకు వచ్చిన సందేశమే. కానీ ఆయన దాన్ని ఉత్తరంలాగే, మర్యాదగా, పేరాలు విడగొట్టి రాశాడు. పాట బాగుందట. సహానలో ఆ అమ్మాయి గొంతు నిలిచిన తీరు మరీ బాగుందట. అయితే నాలుగో కీర్తన ముగిసి తంబురా ఇంకా మోగుతుండగానే ఎవరో మూడుసార్లు దేన్నో కొట్టిన చప్పుడు వినిపిస్తోందట. దగ్గునూ తుమ్మునూ కూడా తుడిచేసే యంత్రాలున్న రోజుల్లో ఇంత నిర్లక్ష్యమా, విమర్శకుణ్ణని చెప్పుకునే మీరు దాన్నెందుకు ఎత్తి చూపలేదు, అని నిలదీశాడు.

ఆ చప్పుడు ఎవరిదో నాకు తెలుసు గనక ఎత్తి చూపలేదు. అది మా కాక వేలి కణుపు చప్పుడు. తను పరిచిన నేల మీద తనే కొట్టాడు. ఆయన పోయి ఆరు నెలలైంది. ఆ పాఠకుడికి నాలుగు ముక్కల్లో జవాబు రాసి ఊరుకుందామని కూర్చున్నాను, కానీ నాలుగు ముక్కలకు లొంగే మనిషి కాదు కాక.

కాక అంటే నాకు సొంత బాబాయి కాదు. బొంబాయి కామాటిపురలో మా సందులో, ఒంటిగదుల ఇళ్ల వరుసలున్న మా చాల్ మూడు అంతస్తుల్లో, ఆయన అందరికీ కాకే. మరాఠీలోనూ ఆ పిలుపు చెల్లుతుంది కాబట్టి పక్క గదుల మరాఠీ వాళ్లకూ కాకే. ఆయనకు పేరొకటి ఉందని రేషన్ కార్డు మీద చూసి తెలుసుకున్నాను. దాన్ని ఇక్కడ రాయను. ఎందుకు రాయనో తరువాత మీకే తెలుస్తుంది.

ఆయన లాదీ మేస్త్రీ. నేలకు పరిచే పలకను బొంబాయిలో లాదీ అంటారు. ఆయన నేల పరిచిన మర్నాడు మోకాళ్ల మీద కూర్చుని, తల ఒక పక్కకు వంచి, కుడిచేతి నడిమివేలు మడిచి, కణుపుతో ఒక్కొక్క లాదీనీ కొట్టుకుంటూ పోయేవాడు. కింద సిమెంటు నిండుగా కూరుకుని ఉంటే ఒక చప్పుడు. ఏ మూలో గాలి మిగిలిపోయి ఉంటే ఇంకో చప్పుడు. ఈ రెండోదాన్ని ఆయన డొల్ల అనేవాడు. డొల్ల పలికిన లాదీ మీద సుద్దముక్కతో అడ్డంగా రెండు గీతలు గీసేవాడు. గీత పడిందంటే అది ఎంత అందంగా కూర్చున్నా సరే, పీకి మళ్లీ వేయవలసిందే.

పని మానేశాక కూడా ఆ వేలు ఊరుకోలేదు. పుచ్చకాయను అందరూ కొడతారు, అది వేరు. ఈయన కొత్త బీరువాను కొట్టేవాడు, ఎవరింటికి వెళ్లినా గడపలోనే నిలబడి తలుపు కొట్టి విని లోపలికి వచ్చేవాడు. డాక్టరు దగ్గరికి తీసుకువెళితే అక్కడి బల్లను కొట్టి, ఆ తరువాత డాక్టరు మొహం వైపు అనుమానంగా చూశాడు. రెండో అంతస్తులో పెళ్లిచూపులకు వచ్చిన ఒక పెళ్లికొడుకు వీపు ఆప్యాయంగా తట్టి, పిల్ల తండ్రి వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. ఆ సంబంధం కుదరలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని కాక చనిపోయేదాకా ఒట్టు పెట్టుకుంటూనే ఉన్నాడు.

ఇంట్లో ఆయన వేలు ఎక్కడ మోగినా వంటమూల నుంచి చిన్నమ్మ, అంటే కాక భార్య, తల కూడా తిప్పకుండా ఒకే మాట అనేది.

"ఇన్న తియ్. నేల పలగ్గొట్టకు."

విన్నాను, ఇక చాలించు అని. నలభై ఏళ్ల కాపురంలో ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటుందో. అందులో కోపం ఎప్పుడో అరిగిపోయి, ఉత్త అలవాటు మిగిలింది.

నేను పగలు గ్రాంట్ రోడ్ దగ్గర ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. నెలకోసారి ఒక చిన్న పత్రికకు, కొత్తగా వచ్చిన శాస్త్రీయ సంగీతం రికార్డింగుల్లో వినదగినవేవో రాస్తాను. రాసే ముందు, ఆదివారం పొద్దున, ఫోనూ చిన్న స్పీకరూ పట్టుకుని కాక గదికి వెళ్లడం నాకు పన్నెండేళ్ల అలవాటు. ఆయన గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, ఎడమ అరచేయి నేల మీద పరిచి కూర్చునేవాడు. కళ్లు మూసుకునేవాడు కాదు. పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ వినేవాడు.

"ఏం పంతులూ, ఈ నెల ఏం తెచ్చినవ్?"

నాలుగు అక్షరాలు రాస్తాను కాబట్టి నన్ను పంతులు అనేవాడు. పాడింది ఎవరో ముందే చెప్పడానికి వీల్లేదు. నేల పరీక్షించే మేస్త్రీ అది ఎవడు వేశాడో అడగకూడదట, అడిగితే చెవికి మొహమాటం వస్తుందట. పాట అయ్యాక ఆయన వేలు నేల మీద మోగేది. ఒకసారి మోగితే డొల్ల. రెండుసార్లయితే ఫరవాలేదు, కొంచెం మరమ్మతు చేసుకోవాలి. మూడుసార్లు మోగితే నిండు. మూడు మోగడం నేను పన్నెండేళ్లలో పదిసార్లకు మించి వినలేదు. ఒకసారి పాటల మధ్యలో వచ్చిన సబ్బు ప్రకటనకు రెండు కొట్టి, ఆ తరువాత వచ్చిన పేరున్న గాయకుడికి ఒకటి కొట్టాడు.

రాగాల పేర్లు ఆయనకు తెలియవు. సహానను మధ్యాహ్నం రాగం అనేవాడు, కల్యాణిని పెళ్లి ఇల్లు అనేవాడు. సంగీతం ఎక్కడ అబ్బిందని అడిగితే చెప్పిన కథ చిన్నదే. మాటుంగా వైపు ఒక సభవాళ్ల హాలుకు లాదీలు వేస్తున్నప్పుడు, పక్క గదిలో సాధన చేసుకునేవాళ్లు వచ్చి, పాడుతున్నంతసేపూ ఆ కొట్టడం ఆపమని బతిమాలారట. ఆపి, సుద్దముక్క చేత్తో పట్టుకుని, పాట ఎప్పుడవుతుందా అని చిరాకుగా కూర్చున్నాడట. రెండు నెలల పని మూడు నెలలు పట్టిందట.

ఒకసారి, ఊరంతా ఆకాశానికెత్తుతున్న ఒక గాయని కొత్త ఆల్బం తీసుకువెళ్లాను. నేనూ ఆకాశానికెత్తి, పత్రికకు అప్పటికే పంపేశాను. కాకకు ఊరికే, నా గొప్ప చెప్పుకోవడానికి వినిపించాను. మూడు కీర్తనలు విన్నాడు. వేలు ఒక్కసారి మోగింది. అంతటితో ఊరుకోకుండా కిటికీలో ఉన్న సుద్దముక్క అందుకుని నా మోకాలి పక్కన నేల మీద రెండు గీతలు గీశాడు.

"ఈమె ఏడ కూసోని పాడుతున్నది?" అని అడిగాడు.

స్టూడియోలో, అన్నాను.

"ఏడనో ఒక్కాడ కూసోవాలె గద పంతులూ. దీంట్ల ఏడ లేదు. ఊపిరి గుడ తీస్తలేదు. ఊపిరి తియ్యకుంట ఎవరు పాడుతరు? ఖాలీ గొంతున్నది, కింద నేల లేదు."

నాకు ఒళ్లు మండింది. రాగం పేరు తెలియని మనిషి నాకు పాఠం చెప్పడమా అనుకుని, చిన్నమ్మ ఇచ్చిన చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను. ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మళ్లీ విన్నాను. పంక్తికీ పంక్తికీ మధ్య ఎక్కడా ఊపిరి లేదు. తీసిన ప్రతి శ్వాసనూ ఎవరో జాగ్రత్తగా కత్తిరించి, మిగిలినదాన్ని అతికించారు. అంత పెద్ద సంగతి నాకు పట్టకపోవడం, మేస్త్రీ పని చేసుకున్నాయనకు పట్టడం చూసి సిగ్గుపడ్డాను. ఆ పై ఆదివారం బన్ మస్కా, అంటే వెన్న రాసిన బన్ను, పొట్లం కట్టించి పట్టుకెళ్లాను. ఆయన బన్ను తిన్నాడు.

అప్పటినుంచి నా రాత మారింది. వానాకాలంలో ఇంట్లోనే వాయించుకుని, చూరు నీళ్ల చప్పుడుతో సహా విడుదల చేసిన ఒక వీణ రికార్డింగుకు కాక మూడు కొట్టాడు. నేను దాని మీద రెండు పేజీలు రాశాను. గొంతు వణుకుతున్న ఒక పెద్దాయన చిన్న హాలులో, ఇరవైమంది ముందు పాడిన ఖయాల్‌కు మూడు కొట్టాడు, దాని మీదా రాశాను. "కింద నేల ఉన్న రికార్డింగు" అనే మాట నాదన్నట్టు వాడుకున్నాను. పాఠకులు మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. మూడో అంతస్తు పద్మ ఒకరోజు నా వ్యాసాన్ని కాకకు చదివి వినిపించింది. ఆ ఆదివారం నేను గడపలో అడుగు పెట్టగానే ఆయన నా నుదుటి మీద వేలి కణుపుతో మెల్లగా ఒక్కసారి కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. చిన్నమ్మ లోపలి నుంచి "ఇన్న తియ్" అంది. ఆ తరువాత ప్రతి ఆదివారం బన్ మస్కా తేవడం నాకు శిక్షగా పడింది.

ఇక పద్మ సంగతి చెప్పాలి. మునిసిపల్ బడిలో టీచరు. పదేళ్ల వయసు నుంచీ మాటుంగాలో ఒక టీచరమ్మ దగ్గర పాట నేర్చుకుంది. ఇంట్లో ఆరుగురు, చోటు లేదు, కాబట్టి సాధన అంతా కాక గదిలోనే. వర్ణం పాడితే ఒకటి మోగేది. మళ్లీ పాడితే మళ్లీ ఒకటి. పిల్ల ఏడ్చేది, చిన్నమ్మ చేతిలో బెల్లం ముక్క పెట్టేది. ఇరవై దాటాక రెండు మోగడం మొదలైంది. మూడు మాత్రం ఎన్నడూ మోగలేదు. సభలో పాడి దండలు వేయించుకుని వచ్చిన రోజున కూడా రెండే.

కిందటి ఏడు చెన్నైలో ఒక రికార్డింగు సంస్థ కొత్త గాయకుల ఆల్బం వేస్తామని ప్రకటించింది. పద్మ అంతకు ముందు రెండేళ్లు తన పాటలు పంపింది, రెండుసార్లూ తిరిగి వచ్చాయి. వయసు పరిమితి ప్రకారం ఇది ఆఖరిసారి. ఇది కూడా కాకపోతే పాట కట్టిపెట్టి, బడి పని చేసుకుంటూ ఉంటానని నాతో అంది. మంచి స్టూడియోలో రికార్డు చేయించుకుంది. సోమవారం పంపాలనగా శనివారం కాకకు వినిపించడానికి వచ్చింది. నేనూ ఉన్నాను. నాకు తప్పు ఏదీ కనబడలేదు. కాక ఫ్యాను వైపు చూస్తూ చివరిదాకా విన్నాడు. వేలు ఒక్కసారి మోగింది.

పద్మ మొహం పాలిపోయింది. ఏం తక్కువైందని అడిగింది.

"శ్రుతి బరాబర్ ఉన్నది, తాళం బరాబర్ ఉన్నది," అన్నాడు కాక. "నువ్వే లేవు బిడ్డా. ఎవలింట్లనో కుర్చీ అంచుల కూసున్నట్టు పాడినవ్."

ఆమె నిజం చెప్పింది. మృదంగం ఒక రోజు, వయొలిన్ ఇంకో రోజు రికార్డు చేశారట. ఈమె చివర, అద్దాల గదిలో ఒక్కతే నిలబడి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని పాడిందట. చెప్పి, మెట్లెక్కి వెళ్లిపోయింది. చిన్నమ్మ ఆ రోజు కాకను తిట్టిన తిట్లు నేను రాయలేను. ఆయనకు ఆడపిల్ల భవిష్యత్తు కన్నా వేలు ఎక్కువైపోయిందని, ఆ వేలు విరిచి పొయ్యిలో పెడతానని అంది. నాకూ కోపమే వచ్చింది. పంపేదాకా నోరు మూసుకుంటే ఏం పోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున కాక మూడో అంతస్తు ఎక్కాడు. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా పై మెట్టు ఎక్కని మనిషి, కటకటాలు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి, పద్మ గడపలో నిలబడ్డాడు. తలుపు కొట్టలేదు. ఆయన తలుపు కొట్టకుండా నిలబడటం అదొక్కసారే చూశాను.

"కిందికి రా బిడ్డా. వాళ్లను గుడ పిలువు. మండలి గదిల కూసోని, అందరు కలిసి ఒక్కసారి పాడుండ్రి."

మండలి గది అంటే మా చాల్ కింది అంతస్తులో గణపతిని పెట్టుకునే గది, బతుకమ్మ పేర్చుకునే గది. ముప్పై ఏళ్ల కింద దానికి లాదీలు వేసింది కాకే. మృదంగం ఆయనా, వయొలిన్ ఆయనా పద్మ మీద అభిమానంతో వచ్చారు. పద్మతో పనిచేసే టీచరు తమ్ముడు రెండు మైకులు తెచ్చాడు. కాక నేల మీద పాక్కుంటూ, కొట్టుకుంటూ వెళ్లి, కిటికీకి మూడడుగుల దూరంలో ఒక లాదీ దగ్గర ఆగి, పద్మను అక్కడ కూర్చోబెట్టాడు. అది ఆ గది మొత్తంలో అన్నిటికన్నా నిండుగా పలికే లాదీ అట.

ఇప్పుడు చాల్‌ను నిశ్శబ్దంగా ఉంచాలి. మా చాల్ గురించి తెలిసినవాళ్లు ఇక్కడ నవ్వుతారు. కింద డబ్బాలు చేసే కార్ఖానా ఉంది, ఆదివారం కూడా రేకు మోగుతూనే ఉంటుంది. వాళ్లు భోజనానికి ఆపేది ఒకటిన్నరకు. నాలుగింటికి నల్లాల్లో నీళ్లు వస్తాయి, అప్పుడు ప్రతి గది ముందూ డ్రమ్ములు నిండుతాయి. ఆ మధ్య సమయమే మాకు దక్కేది. కాక గది గదికీ తిరిగాడు. కార్ఖానా యజమానిని హిందీలో బతిమాలి భోజనం తరువాత కూడా నాలుగింటిదాకా పని ఆపించాడు. మరాఠీ అమ్మలకు మరాఠీలో చెప్పి కుక్కర్లు దింపించాడు. టీవీలు ఆపించాడు, ఏడ్చే పసివాణ్ణి వాళ్లమ్మతో సహా గ్రాంట్ రోడ్ వైపు షికారుకు పంపించాడు. చిలుక పంజరం మీద దుప్పటి కప్పించాడు. గట్టిగా తుమ్మే అలవాటున్న నన్ను అందరి ముందూ ప్రత్యేకంగా హెచ్చరించాడు. చప్పుడు చేసినవాడు తన గడప తొక్కకూడదని ప్రకటించి, వచ్చి పద్మకు ఎదురుగా గోడకానుకుని కూర్చున్నాడు.

మొదటి మూడు కీర్తనలూ ఎలాగో అయిపోయాయి. నాలుగోది సహాన, టీచరమ్మ కట్టి నేర్పిన కీర్తన. మొదటిసారి సందులో టెంపో హారను మోగింది. రెండోసారి మృదంగం ఆయన ఫోను మోగింది, కాక చూసిన చూపుకు ఆయన ఫోను తీసి బయట పారేసినంత పని చేశాడు. మూడోసారి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. పద్మ నీళ్లు తాగి, ఒకసారి నేల మీద అరచేయి పెట్టి, మొదలుపెట్టింది.

ఆ పాట గురించి నేను శీర్షికలో రాశాను, మళ్లీ రాయను. ఒక్క మాట చెబుతాను. పిల్ల భయం మరచిపోయింది. వయొలిన్ ఆయన ఒక పిలుపు ఇస్తే నవ్వుతూ అందుకుంది, ఆ నవ్వు కూడా పాటలో వినబడుతుంది. గ్యాలరీలో, అంటే గది ముందు వరండాలో, నిలబడ్డ ఆడవాళ్లంతా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నా కళ్లు తడిశాయి. పాట ముగిసింది, తంబురా పెట్టె ఇంకా మోగుతోంది. మైకుల కుర్రవాడు, ఇంకా ఎవరూ కదలవద్దని చెయ్యి ఎత్తాడు.

నేల మూడుసార్లు మోగింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. కాక తన కుడిచేతిని, అది వేరెవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. చాల్ మొత్తాన్నీ బెదిరించి నోరు మూయించిన మనిషి, తనే కొట్టాడు. మొహంలో నెత్తురు లేదు. మళ్లీ పాడిద్దామని నేను లేవబోయేసరికి పైన ఎక్కడో మొదటి నల్లా బుస్సుమంది. వెంటనే మూడు అంతస్తుల డ్రమ్ములూ మొదలయ్యాయి.

"నా చేతికి బుద్ధి లేకపాయె. తీసెయ్ బిడ్డా, అంతమట్టుకు తీసెయ్," అన్నాడు కాక. 

తీయవచ్చుగానీ దాంతోపాటు తంబురా నాదం తోక కూడా తెగుతుందని మైకుల కుర్రవాడు అన్నాడు. నేను తీసేయడమే మంచిదన్నాను, ఇది ఆఖరి అవకాశం కదా అని. పద్మ నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఇరవై ఏండ్ల సంది ఎదురుసూస్తున్న కాకా. ఇప్పుడొచ్చినయ్. ఎట్ల తీస్త?"

అలాగే పంపింది. నెల తరువాత, ఆల్బం వేస్తున్నామని సంస్థ నుంచి కబురు వచ్చింది. నాలుగోదాని చివర ఏదో శబ్దం ఉంది, తొలగించమంటారా అని కూడా అడిగారు. వద్దని, అది మా నేల శబ్దమని పద్మ రాసింది. అయితే నేల వేసినవారి పేరు కూడా వాద్యకారుల పేర్ల పక్కన వేస్తామన్నారు వాళ్లు. కాక ఒప్పుకోలేదు. ఏ ఇంట్లోనైనా లాదీ మీద మేస్త్రీ పేరు రాసి ఉంటే చూపించమని, చూపిస్తే అప్పుడు రాయమని వాదించాడు. ఎవరం చూపించలేకపోయాం. అందుకని, గాత్రం, వయొలిన్, మృదంగం అయ్యాక నాలుగో వరుసలో "నేల: మా కాక" అని ఉంటుంది. నేను పేరు రాయనిదీ అందుకే.

ఆల్బం బయటికి రావడం ఆయన చూడలేదు. చలికాలం చివర, ఒక మధ్యాహ్నం, చాయ్ తాగి గోడకానుకుని కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. అరచేయి నేల మీదే ఉందని చిన్నమ్మ చెప్పింది.

కాబట్టి అయ్యా, ఆ చప్పుడును లోపంగా ఎత్తి చూపడం నా వల్ల కాదు. పన్నెండేళ్లలో నేను రాసినవాటన్నిటికన్నా సరైన సమీక్ష ఆ మూడు దెబ్బలే. వీలైతే కుర్చీ దిగి నేల మీద కూర్చుని, అరచేయి పరిచి, ఇంకోసారి వినండి.

విడుదలైన ఆదివారం మండలి గదిలో అందరం చేరి, స్పీకరు పెట్టుకుని విన్నాం. చిన్నమ్మ రానంది. వంట ఉందని, మీరు వినండని అంటూనే, ఆ గది గుమ్మం దగ్గరే చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. నాలుగో కీర్తన అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏం రాబోతోందో అందరికీ తెలుసు. తంబురా మోగుతోంది. ఒకటి. రెండు. మూడు.

చిన్నమ్మ చేటలోంచి తల ఎత్తలేదు.

"ఇన్న తియ్," అంది. "నేల పలగ్గొట్టకు."